చూపు నడుమ మచ్చ

1991 చివర్లో క్యూబా పశ్చిమ కొసన ఉన్న పినార్ దెల్ రియోలో కంటి డాక్టర్ల దగ్గరికి జనం ఒక వింత బాధతో రావడం మొదలుపెట్టారు. ఎదుట మనిషి నిలబడితే చెవులు, భుజాలు కనిపిస్తున్నాయి. ముఖం ఉండాల్సిన చోట మసక. రంగులు వెలిసిపోయాయి, ముఖ్యంగా ఎరుపు, ఆకుపచ్చ. రెండు కళ్లకీ ఒకేలా ఉంది, నొప్పి మాత్రం లేదు. అద్దాలు మార్చినా ఫలితం లేదు. కొందరికి అరికాళ్లలో మంటలు, తిమ్మిర్లు. కొందరికి చెవులు కూడా మందగించాయి. తొలిరోజుల్లో వచ్చినవారిలో ఎక్కువమంది కష్టపడే వయసులో ఉన్న మగవాళ్లు, పొగ తాగేవాళ్లు. అందులో ఆశ్చర్యం లేదు. పినార్ దెల్ రియో అంటే ప్రపంచమంతా పేరుమోసిన క్యూబా చుట్టలకు ఆకు పండించే నేల.

1993 నాటికి రోగుల సంఖ్య 50 వేలు దాటింది. దేశ జనాభా అప్పటికి కోటీ పది లక్షల లోపే.

ఆ రెండేళ్లలో క్యూబా ఆకలిని చూసింది. సోవియట్ యూనియన్ కూలిపోవడంతో చవకగా వచ్చే చమురు ఆగింది, తిండి దిగుమతులు ఆగాయి. మాంసం, పాలు, గుడ్లు కరువయ్యాయి. బస్సులు నిలిచిపోతే జనం చైనా సైకిళ్ల మీద, కాలినడకన పనులకు వెళ్లారు. తిండి తగ్గి, ఒళ్లు విరిగే పని పెరిగింది. అంత కొరతలోనూ చక్కెర దొరికేది, పొగాకు దొరికేది. పిల్లలకు, గర్భిణులకు, ముసలివాళ్లకు ప్రభుత్వం రేషన్‌లో కొంత అదనంగా ఇచ్చేది. ఈ మూడు వర్గాలనూ జబ్బు చాలావరకు వదిలేసింది. పరిశోధకులకు దొరికిన మొదటి ఆధారాల్లో ఇదొకటి.

అనుమానాలు మాత్రం నాలుగు దిక్కులా పోయాయి. ఏదో వైరస్ అన్నారు కొందరు; కొందరు రోగుల వెన్ను ద్రవంలో ఒక రకం వైరస్ కనబడింది కూడా. ఇళ్లలో కాచుకునే రమ్‌లో మిథనాల్ కలుస్తోందేమోనని మరికొందరు. క్యూబా నేత్రవైద్యులతో కలిసి పనిచేయడానికి అమెరికా నుంచి నిపుణులు వచ్చారు. రెండు దేశాల మధ్య వాణిజ్యమే లేని రోజులవి. రోగుల అలవాట్లనూ ఆరోగ్యవంతుల అలవాట్లనూ పక్కపక్కన పెట్టి చూసిన అధ్యయనం 1995లో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో వచ్చింది. పొగ తాగేవారికి, అందులోనూ చుట్టలు తాగేవారికి ముప్పు బాగా ఎక్కువని తేలింది. బి విటమిన్లు, కూరగాయల్లోని రంగు పదార్థాలు ఒంట్లో తగినంతగా ఉన్నవారికి ముప్పు తక్కువ. అధ్యయనం అచ్చు కావడానికి రెండేళ్ల ముందే, 1993లో, క్యూబా ప్రభుత్వం దేశంలో ప్రతి ఒక్కరికీ విటమిన్ మాత్రలు పంచేసింది. కొత్త కేసులు తగ్గుముఖం పట్టాయి. తొందరగా చికిత్స అందిన చాలామందికి చూపు చాలావరకు తిరిగొచ్చింది.

పొగాకు ఒక్కటే ఇంత పని చేసిందా అంటే లేదు. క్యూబన్లు అంతకుముందు తరతరాలుగా చుట్టలు తాగుతూనే ఉన్నారు, ఊళ్లకు ఊళ్లు మసకబారలేదు. కడుపు నిండా తిన్నన్నాళ్లూ ఒళ్లు పొగలోని విషాన్ని విరిచేస్తూ వచ్చింది. విరిచే సరుకు అయిపోయినప్పుడు దెబ్బ ముందుగా కంటి నరానికి తగిలింది.

ఆ సరుకేమిటో చెప్పాలంటే సిగరెట్ పొగలోకి వెళ్లాలి. అందులో ఉన్న కొన్ని వేల రసాయనాల్లో హైడ్రోజన్ సయనైడ్ ఒకటి. ఒక సిగరెట్‌లోని మోతాదు మనిషిని చంపదు; గంధకం ఉన్న అమైనో ఆమ్లాల సాయంతో శరీరం దాన్ని పెద్దగా హాని లేని థయోసయనేట్‌గా మార్చి మూత్రంలో పంపేస్తుంది. ఆ అమైనో ఆమ్లాలు మాంసకృత్తుల నుంచి రావాలి. బి12 విటమిన్‌కు చెందిన హైడ్రాక్సోకోబాలమిన్ అనే రూపం కూడా సయనైడ్‌ను నేరుగా పట్టుకుని బయటికి తోసేస్తుంది. అగ్నిప్రమాదాల్లో పొగ పీల్చి పడిపోయినవారికి ఇప్పుడు ఆస్పత్రుల్లో ఇచ్చే విరుగుడు ఇదే. గుడ్డు, పాలు, మాంసం లేని కంచం ముందు కూర్చున్న చుట్టరాయుడికి ఈ రెండు దారులూ ఇరుకైపోతాయి.

సయనైడ్ కణాల్లోని మైటోకాండ్రియాను, అంటే కణానికి శక్తినిచ్చే భాగాలను, దెబ్బతీస్తుంది. కంటి నరంలో పది లక్షలకు పైగా పోగులున్నాయి. వాటిలో నట్టనడి చూపును, రంగుల సమాచారాన్ని మోసుకెళ్లేవి అన్నిటికన్నా సన్నం. కంట్లోంచి బయటపడేదాకా వాటికి పైతొడుగు కూడా ఉండదు కాబట్టి సంకేతం పంపిన ప్రతిసారీ ఎక్కువ శక్తి కావాలి. శక్తి తగ్గితే ముందు మూగబోయేవి అవే. చూపు అంచులు మిగిలి నడిమి భాగం పోవడం, ఎరుపు వెలవెలబోవడం ఇందుకే. సయనైడే అసలు దోషి అన్న వాదన పూర్తిగా తేలిపోలేదు. పోషకాహార లోపమే ప్రధానమనీ, పొగాకు దానికి తోడైందనీ వాదించే నిపుణులున్నారు. ఏ పక్షం గెలిచినా చుట్ట నిర్దోషిగా బయటపడదు.

ఈ జబ్బు క్యూబాలో పుట్టింది కాదు. 19వ శతాబ్దపు యూరప్ కంటి వైద్యులకు ఇది బాగా తెలుసు. పైపులో ఘాటు పొగాకు దట్టించుకునే, మందుకు అలవాటు పడిన, సరిగా తినని ముసలివాళ్లలో చూసేవారు. 1958లో బ్రిటిష్ వైద్యులు దానికి బి12 లోపంతో సంబంధం ఉందని రాశారు; ఆ తర్వాత హైడ్రాక్సోకోబాలమిన్ సూదిమందుతో చాలామందికి చూపు మెరుగైంది. 1964లో అమెరికా సర్జన్ జనరల్ పొగాకు మీద విడుదల చేసిన ప్రఖ్యాత నివేదిక కూడా దీన్ని ప్రస్తావించింది గానీ పైపు, చుట్టలతోనే ముడిపెట్టింది. సిగరెట్‌తో సంబంధం రుజువు కాలేదంది. సిగరెట్ మీద కంటి కేసు నిలబడడానికి మరో నలభై ఏళ్లు పట్టింది.

కొందరు ఈ ముప్పును పుట్టుకతోనే తెచ్చుకుంటారు. జర్మన్ నేత్రవైద్యుడు థియోడోర్ లేబర్ 1871లో వర్ణించిన ఒక వంశపారంపర్య జబ్బు తల్లి నుంచి మాత్రమే పిల్లలకు వస్తుంది, ఎందుకంటే లోపమున్న జన్యువు మైటోకాండ్రియాలో ఉంటుంది. ఆ జన్యువు ఉన్న కుర్రవాళ్లలో ఇంచుమించు సగం మందికి ఇరవైలలోనో ముప్పైలలోనో వారాల వ్యవధిలో రెండు కళ్ల నడిమి చూపూ పోతుంది. మిగతా సగానికి ఏమీ కాదు. ఒకే తల్లి పిల్లల్లో ఈ తేడా ఎందుకన్నది చాలాకాలం పొడుపుకథ. 2009లో 125 కుటుంబాలకు చెందిన 402 మందిని పరిశీలించిన అధ్యయనంలో, జన్యువు మోస్తూ పొగ తాగే మగవాళ్లలో 93 శాతం మంది చూపు కోల్పోయినట్టు కనబడింది. అన్నదమ్ములిద్దరికీ అదే జన్యువు ఉండి, ఒకడి జేబులో సిగరెట్ పెట్టె ఉందా లేదా అన్నది ఇంత తేడా తేవడం వైద్య చరిత్రలో తరచుగా కనబడే సంగతి కాదు.

ఇవన్నీ అరుదైన జబ్బులు. పొగాకు కంటికి చేసే అసలు నష్టం చాలా నెమ్మదిగా సాగుతుంది, పైగా ముసలితనం మాటున దాక్కుంటుంది. అరవై దాటిన మనిషి “చూపు ఆనడం లేదు” అంటే ఇంట్లోవాళ్లు “వయసు మీద పడింది కదా” అని ఊరుకుంటారు. ముప్పై ఏళ్లుగా కాలుస్తున్న చుట్ట ఎవరికీ గుర్తురాదు.

హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రి పరిశోధకులు 1996 నుంచి 2000 వరకు చేసిన ‘ఆంధ్రప్రదేశ్ ఐ డిసీజ్ స్టడీ’ ఈ విషయంలో మనకు సొంత లెక్కలు ఇచ్చింది. హైదరాబాద్ నగరం, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఎంపిక చేసిన చోట్ల పది వేల మందికి పైగా జనాన్ని పరీక్షించారు. ఆస్పత్రికి వచ్చిన రోగుల్ని లెక్కపెట్టడం వేరు, ఊళ్లలో మామూలు జనాన్ని వెతికి పట్టుకుని చూడడం వేరు. రెండోది ఖర్చుతో కూడిన చాకిరీ, కానీ నిజం అక్కడే దొరుకుతుంది. ఈ అధ్యయనం ఆధారంగా 2005లో వచ్చిన వ్యాసాల్లో రెండు సంగతులు తేలాయి. పొగ తాగేవారిలో శుక్లాలు ఎక్కువ. విపరీతంగా చుట్టలు తాగేవారిలో మాక్యులా క్షీణత, అంటే కంటి వెనకున్న రెటీనా పొర నడిమి భాగం దెబ్బతినే ముప్పు, సుమారు మూడు రెట్లు.

పాశ్చాత్య అధ్యయనాలు ఎక్కువగా సిగరెట్‌నే లెక్కపెట్టాయి. ఇక్కడ బోనులో నిలబడింది చుట్ట. లంక పొగాకు చుట్ట అంటే గోదావరి తీరంలో మోజు ఎంతటిదో ఆ ప్రాంతం వాళ్లకు చెప్పనక్కర్లేదు. శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో ఆడవాళ్లు నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ మీద, దానివల్ల అంగిట్లో వచ్చే క్యాన్సర్ మీద వైద్యులు దశాబ్దాలుగా రాస్తూనే ఉన్నారు. నోటికి దక్కిన ఆ శ్రద్ధలో పదో వంతు కంటికి దక్కలేదు.

శుక్లం సంగతి చూద్దాం. కంటి కటకంలో నడిమి పొరలు మనం తల్లి కడుపులో ఉండగానే తయారవుతాయి. చర్మం రాలి కొత్తది వస్తుంది, రక్తకణాలు నెలల్లో మారిపోతాయి. కటకం మధ్యలోని మాంసకృత్తులు మాత్రం పుట్టినప్పటివే చచ్చేదాకా ఉండాలి. వాటికి మరమ్మతు దాదాపు లేదు. పొగలోని రసాయనాలు రక్తం ద్వారా కంటి ద్రవాల్లోకి చేరి ఆ మాంసకృత్తుల్ని ఆక్సీకరణానికి గురిచేస్తాయి. దాన్ని అడ్డుకునే విటమిన్ సి లాంటివి పొగ తాగేవారి ఒంట్లో ముందే తక్కువ. దీనికి తోడు కాడ్మియం. పొగాకు మొక్క ఈ లోహాన్ని నేలలోంచి బాగా లాగుతుంది, పొగ తాగేవారి కటకాల్లో అది పేరుకుపోయి కనబడుతుంది. పారదర్శకంగా ఉండాల్సిన మాంసకృత్తులు ఒకదానికొకటి అతుక్కుని, ఉడికిన కోడిగుడ్డు తెల్లసొన అయినట్టు, వెలుగును అడ్డుకుంటాయి. పొగ వల్ల వచ్చే శుక్లం ఎక్కువగా ఈ నడిమి కేంద్రంలోనే మొదలవుతుంది. అమెరికాలో 22 వేల మందికి పైగా మగ డాక్టర్లను వెంబడించిన అధ్యయనం 1992లో చెప్పిన లెక్క ప్రకారం రోజుకు ఇరవై సిగరెట్లు, అంతకు మించి కాల్చేవారికి శుక్లం ముప్పు రెండింతలు. వాళ్లు డాక్టర్లన్న మాట మరిచిపోవద్దు.

శుక్లానికి ఆపరేషన్ ఉంది. కటకం తీసి ప్లాస్టిక్‌ది పెడితే పావుగంటలో పని అయిపోతుంది. మాక్యులాకు ఆ సౌకర్యం లేదు.

మాక్యులా రెటీనా నడిబొడ్డున సుమారు అయిదు మిల్లీమీటర్ల మేర ఉంటుంది. పేపరు చదవడం, సూదిలో దారం ఎక్కించడం, మనవడి మొహం గుర్తుపట్టడం అన్నీ దాని పనే. శరీరంలో తూకానికి తూకం అన్నిటికన్నా ఎక్కువ ఆక్సిజన్ తినే కణజాలాల్లో రెటీనా ఒకటి. దాని వెనకున్న రక్తనాళాల పొరలో ప్రవాహం కూడా అంతే ఉధృతం. అంత వెలుగు, అంత ఆక్సిజన్, అంత కొవ్వు ఒకేచోట ఉంటే ఆక్సీకరణ చెత్త తయారుకాక తప్పదు. వెలుగును పట్టే కణాలు రోజూ తమ కొసల్లో పదో వంతును రాల్చేస్తాయి, వెనకున్న రంగు కణాలు ఆ రాలుడును మింగి అరిగించుకోవాలి. డెబ్బై ఏళ్లు సెలవు లేకుండా ఈ పని సాగాలి. పొగ ఈ ఏర్పాటును అన్ని వైపుల నుంచీ దెబ్బతీస్తుంది. రక్తనాళాలు బిగుసుకుంటాయి. మాక్యులాను కాపాడే పసుపు రంగు పదార్థాలు, అంటే ఆకుకూరల నుంచి వచ్చే ల్యూటిన్, జియాజాంథిన్, పలచబడతాయి. అరగని చెత్త పొర కింద తెల్లటి మచ్చలుగా పేరుకుంటుంది. ఎలుకలకు సిగరెట్ పొగ పట్టించి చూస్తే అలాంటి పేరుకుపోవడమే కనిపించింది. పొగలో ఉండే హైడ్రోక్వినోన్ ఒక్కటే తిండిలో పెట్టినా అదే ఫలితం.

రోగికి మాత్రం మొదట తలుపు చట్రం వంకర పోయినట్టు, కరెంటు స్తంభం నడుమ వంగినట్టు కనిపిస్తుంది. తర్వాత నడిమధ్య మచ్చ. కొందరిలో రెటీనా కింద కొత్త రక్తనాళాలు మొలిచి, కారి, వారాల్లో చూపు పోతుంది. వీళ్లకు కంట్లోకే సూదిమందు వేస్తారు, అదీ ఒకసారితో అయిపోయేది కాదు; నెలల తరబడి, కొందరికి ఏళ్ల తరబడి వేయాలి. 1996లో ఒకే వైద్య పత్రిక ఒకే సంచికలో అమెరికా మగ డాక్టర్ల లెక్కనూ నర్సుల లెక్కనూ అచ్చువేసింది. రెండింటిలోనూ బాగా సిగరెట్లు కాల్చేవారికి మాక్యులా క్షీణత ముప్పు రెండున్నర రెట్ల దరిదాపుల్లో తేలింది.

పొగతాగేవాళ్లు తాగుడు కూడా ఎక్కువ చేస్తారు, కూరగాయలు తక్కువ తింటారు, ఎండలో ఎక్కువ తిరుగుతారు, మరి తప్పు పొగదేనని ఎలా చెబుతారు? అడగాల్సిన ప్రశ్నే. వీటన్నిటినీ లెక్కలోంచి తీసేసినా ముప్పు మిగలడం, సిగరెట్లు పెరిగినకొద్దీ ముప్పు పెరగడం, మానినవారిలో తగ్గడం, జంతువుల్లోనూ కనబడడం అన్నీ ఒకే వైపు వేలు చూపిస్తున్నాయి. సర్జన్ జనరల్ నివేదిక 2004లో శుక్లం విషయంలో, 2014లో మాక్యులా విషయంలో పొగే కారణమని తేల్చేసింది. నీటికాసుల విషయంలో అంత గట్టి రుజువు లేదు, కాబట్టి ఆ నేరం దాని మీద మోపకపోవడమే న్యాయం. కళ్లు పొడిబారడం, మండడం గురించి వేరే చెప్పనక్కర్లేదు. పొగ నిండిన గదిలో కాసేపు కూర్చున్నవాళ్లందరికీ తెలుసు.

ఇక్కడ ఒక మందు కథ చెప్పుకోవాలి. మాక్యులా క్షీణత ముదరకుండా ఆపడానికి అమెరికా నేత్ర సంస్థ విటమిన్ల మాత్ర ఒకటి పరీక్షించి 2001లో మంచి ఫలితం ప్రకటించింది. అందులో విటమిన్ సి, ఇ, జింక్‌తో పాటు క్యారెట్‌లో ఉండే బీటా కెరొటిన్ ఉంది. కంటికి క్యారెట్ మంచిదని చిన్నప్పటి నుంచీ వింటున్నవాళ్లకు ఇందులో వింత లేదు. అయితే అంతకు ముందే 1994లో ఫిన్లాండ్ నుంచి ఒక చేదువార్త వచ్చి ఉంది. 29,133 మంది పొగతాగే మగవాళ్ల మీద జరిగిన పరీక్షలో బీటా కెరొటిన్ మాత్రలు మింగినవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గాల్సింది పోయి 18 శాతం ఎక్కువ వచ్చింది. అమెరికాలో అలాంటిదే మరో పరీక్షను 1996లో అర్ధంతరంగా ఆపేశారు. అంటే కంటి మాత్ర ఎవరికి అందరికన్నా ఎక్కువ అవసరమో వాళ్ల ఊపిరితిత్తులకే అది ప్రమాదం. చివరికి 2013లో రెండో పరీక్ష ఫలితాలు వచ్చాక బీటా కెరొటిన్ తీసేసి దాని చోట ల్యూటిన్, జియాజాంథిన్ చేర్చారు. మందుల షాపులో అడగకుండానే చేతిలో పెట్టే “కంటి విటమిన్” డబ్బా మీద ఏముందో పొగతాగేవాళ్లు చదివి తీరాలి. కూరలో వేసిన క్యారెట్‌తో ఏ పేచీ లేదు.

పొగ దెబ్బ కటకానికో రెటీనాకో పరిమితం కాదు. థైరాయిడ్ మితిమీరి పనిచేసే గ్రేవ్స్ జబ్బులో కొందరికి కనుగుడ్ల వెనక కండరాలు, కొవ్వు వాచి కళ్లు ముందుకు పొడుచుకొస్తాయి. రెప్పలు మూతపడవు, ఒకటి రెండుగా కనిపిస్తుంది, కంటి నరం నలిగితే చూపే పోతుంది. 1993లో నెదర్లాండ్స్ వైద్యులు పోల్చి చూస్తే, ఈ కంటి వాపు వచ్చే అవకాశం పొగ తాగేవారికి ఏడు రెట్లకు పైగా ఎక్కువ. వీళ్ల మీద చికిత్స కూడా సరిగా పారదు. థైరాయిడ్ జబ్బు ఉన్న ఆడవాళ్లు మన దగ్గర పొగ తాగేది తక్కువే అయినా భర్తో కొడుకో ఇంట్లో వదిలే పొగ వాళ్లదీ అవుతుంది. పిల్లల విషయం ఇంకా కచ్చితంగా తెలుసు. హాంకాంగ్‌లో ఆరు నుంచి ఎనిమిదేళ్ల వయసున్న 1,400 మంది పిల్లల్ని 2019లో పరిశీలిస్తే, ఇంట్లో పొగతాగేవారున్న పిల్లల రెటీనా వెనకున్న రక్తనాళాల పొర మిగతావారికన్నా కొన్ని మైక్రాన్లు పలచగా ఉంది. ఇంట్లో కాలే సిగరెట్లు పెరిగినకొద్దీ ఆ పొర మరింత పలచన.

ఇంత తెలిసినా ఈ మాట జనంలోకి పోలేదు. ఇంగ్లండ్‌లో టీనేజీ పిల్లల్ని అడిగి 2007లో ప్రచురించిన సర్వేలో సిగరెట్‌కూ గుడ్డితనానికీ సంబంధం ఉందని తెలిసినవాళ్లు నూటికి అయిదుగురే. అదే పిల్లలు గుండెజబ్బు కన్నా, ఊపిరితిత్తుల జబ్బు కన్నా గుడ్డితనానికే ఎక్కువ భయపడ్డారు. ఆస్ట్రేలియా ఈ భయాన్ని వాడుకుంది. 2006లో అక్కడి పెట్టెల మీదికి పొగ గుడ్డివాళ్లను చేస్తుందన్న హెచ్చరిక, రెప్పలు విప్పి పట్టిన కంటి బొమ్మ వచ్చాయి. భారతదేశంలో 2016 నుంచి పెట్టెలో 85 శాతం హెచ్చరికే అయినా, ఆ చోటంతా గొంతు, నోటి క్యాన్సర్లకే దక్కుతూ వచ్చింది. పుండు బొమ్మ చూసి ఇరవై ఏళ్ల కుర్రాడు మొహం పక్కకు తిప్పుకుంటాడు. బండి నడపలేవు, ఫోన్ చూడలేవు అంటే ఏమంటాడో ఇక్కడ ఎవరైనా పరీక్షించి చూడాల్సింది.

మానేస్తే ఏమవుతుంది? స్వీడన్‌లో 44 వేల మందికి పైగా మగవాళ్లను పన్నెండేళ్లు గమనించిన అధ్యయనం 2014లో వచ్చింది. రోజుకు 15కి పైగా సిగరెట్లు కాల్చేవారికి శుక్లం ఆపరేషన్ అవసరమయ్యే ముప్పు 42 శాతం ఎక్కువ. మానేసి ఇరవై ఏళ్లు దాటినవారిలో అది 21 శాతానికి దిగింది, అంటే సగానికి సగం తగ్గినా పూర్తిగా పోలేదు. మాక్యులా కొంచెం ఉదారం: మానిన ఇరవై ఏళ్లకు ముప్పు ఎన్నడూ పొగ తాగనివారి స్థాయికి దగ్గరవుతుంది. యాభైలో మానిన మనిషికి ఆ ఫలం డెబ్బైలో, సరిగ్గా మాక్యులా క్షీణత పలకరించే వయసులో అందుతుంది. మానాలనుకునేవారికి కేంద్ర ఆరోగ్యశాఖ నడిపే ఉచిత ఫోన్ సాయం 1800-11-2356; 2018 సెప్టెంబరు నుంచి ఆ నంబరు సిగరెట్ పెట్టెల మీదే అచ్చయి వస్తోంది, చదవగలిగే చూపు ఉన్నవారి కోసం.